శంకర్ గుహా నియోగి: గని కార్మికులు కట్టుకున్న ఆసుపత్రి

స్మృతి నగర్ మొదలుకొని సెక్టార్ల దాకా భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సెక్టార్-9 ఆసుపత్రి పేరు సుపరిచితం. ఉక్కు కర్మాగారం ఉద్యోగికీ, అతని కుటుంబానికీ అక్కడ వైద్యం హక్కుగా లభించేది. ఆ కర్మాగారానికి ఇనుప ఖనిజాన్ని అందించే దల్లీ రాజ్‌హరా గనులు మాత్రం అక్కడికి సుమారు ఎనభై, తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అక్కడ కాంట్రాక్టర్ల కింద రాయి పగలగొట్టి లారీల కెత్తిన వేలాది కార్మికుల పరిస్థితి వేరు. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం కర్మాగారాలకు వర్తించేదే గాని, గనుల చట్టం కిందికి వచ్చే గనులను దాని నిర్వచనంలోనే మినహాయించారు. ఈ రెంటి నడుమ మిగిలిపోయిన మనుషులకు వైద్యం ఎవరు చేయాలన్న ప్రశ్నను తన సంఘం చేత పనిగా చేపట్టించిన నాయకుడు శంకర్ గుహా నియోగి.

1943 ఫిబ్రవరి 14న ఒక బెంగాలీ కుటుంబంలో ఆయన జన్మించారు. అసలు పేరు ధీరేశ్. అరవయ్యో దశకం ఆరంభంలో భిలాయికి వచ్చి, కోక్ ఓవెన్ విభాగంలో కార్మికుడిగా చేరారు. సమ్మెలలో పాల్గొన్నందుకు ఉద్యోగం పోయింది. తరువాత కొన్నేళ్లు ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో తిరుగుతూ దొరికిన పని చేసి బతికారు. శంకర్ అన్న పేరు ఆనాటిదే. దానీటోలా క్వార్ట్‌జైట్ గనిలో కూలిపని చేస్తూ, తోటి కార్మికురాలు ఆశను వివాహమాడారు. ఎమర్జెన్సీలో జైలు పాలయ్యారు.

1977లో విడుదలయ్యాక దల్లీ రాజ్‌హరా కార్మికులు ఆయనను వెతుక్కుంటూ వచ్చారు. శాశ్వత ఉద్యోగులకు ఒక బోనసు, తమకు అంతకంటే ఎంతో తక్కువగా మరొక బోనసు ఒప్పుకున్న సంఘాలను వారు అప్పటికే వదలి వచ్చారు. అలా ఏర్పడినదే ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్. వానాకాలానికి ముందు గుడిసెలు బాగుచేసుకునేందుకు భత్యం కోరినందుకు జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పులు జరిగి పదకొండు మంది మరణించారు. మృతుల్లో అనసూయాబాయి అనే కార్మికురాలు కూడా ఉన్నారు.

సంఘం ఉపాధ్యక్షురాలు కుసుంబాయి ప్రసవ సమయంలో మరణించడం మరొక దెబ్బ. సకాలంలో తగిన వైద్యం అందలేదన్నది కార్మికుల ఫిర్యాదు. శాశ్వత ఉద్యోగుల పట్ల చూపిన శ్రద్ధ తమ పట్ల లేదని వారు భావించారు. వేలాదిమంది ఆసుపత్రి ముందు గుమిగూడారు. ఆ కోపం అద్దాలు పగలగొట్టడంతో చల్లారి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసేది. తమకు తామే ప్రసూతి కేంద్రం కట్టుకోవాలని సంఘం నిశ్చయించింది.

1982 జనవరి 26న చిన్న డిస్పెన్సరీ మొదలయింది. 1983 జూన్ 3న, కాల్పుల మృతుల స్మృతిగా, పదిహేను పడకల షహీద్ హాస్పిటల్ ప్రారంభమయింది. డబ్బు కార్మికుల చందాలది, ఇటుకలు మోసినదీ వారే. ప్రభుత్వ నిధులనూ విదేశీ విరాళాలనూ ఆశించలేదు. వినాయక్ సేన్, ఆశిష్ కుందూ, శైబాల్ జానా, పుణ్యవ్రత గుణ్ వంటి వైద్యులు వచ్చి చేరారు. గని కార్మికులే శిక్షణ పొంది ఆరోగ్య కార్యకర్తలయ్యారు.

ఇక్కడొక మెలిక ఉంది. చందాలతో నడిచే ఆసుపత్రికీ ఖర్చు లెక్క తప్పదు. ఏ మందు కొనాలి, దేన్ని వదులుకోవాలి అన్న నిర్ణయం ఏదో ఒకనాడు తీసుకోవలసిందే. అవసరం లేని ఇంజెక్షన్లు, బలం మందులు, అనవసరమైన సెలైన్లు మానుకోవడమే ఆ వైద్యులు ఎంచుకున్న దారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో ప్రకటించిన అత్యవసర ఔషధాల జాబితా వంటి ఆలోచన వారికి అండ అయింది. బ్రాండ్ల బదులు జనరిక్ మందులు వాడారు. విరేచనాలకు ఇంట్లో ఉప్పు, పంచదార కలిపిన నీరు తాగించడం నేర్పారు. ఇంజెక్షన్ వేయని డాక్టరు డాక్టరే కాదనుకునే జనానికి ఇది నచ్చజెప్పడం తేలిక కాదు. బ్రిటన్‌లో 1999లో ఏర్పడిన నైస్ సంస్థ ఒక మందు ఖర్చునూ, దాని వల్ల కలిగే ప్రయోజనాన్నీ బేరీజు వేసి ప్రభుత్వ వైద్యంలో దానికి చోటు ఉండాలో లేదో చెబుతుంది. అక్కడ తూకం వేసేది మందును. దల్లీలో కార్మికులు ఎదిరించిన లెక్కలో తూకానికి ఎక్కింది హాజరు పట్టీలో మనిషి స్థానం.

నియోగి వైద్యుడు కారు. ఆసుపత్రిని సంఘం పనికి అనుబంధంగా కాక, వేతన పోరాటంతో సమానమైన పనిగా చూశారు. సారా వ్యతిరేక ఉద్యమం నడిపారు. కూలి పెరిగిన ఇళ్లలోని డబ్బు సారా దుకాణాలకు పోతే పిల్లల జబ్బులు తగ్గవని ఆయన గ్రహించారు. సారా వ్యాపారులకు అది రుచించలేదు.

1990లో ఆయన దృష్టి మళ్లీ భిలాయి వైపు మళ్లింది. ప్రైవేటు కర్మాగారాల కాంట్రాక్టు కార్మికులకు స్థిరమైన ఉద్యోగం, బతకడానికి చాలినంత వేతనం కావాలని ఉద్యమించారు. 1991 సెప్టెంబరులో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతికి విన్నవించారు. అదే నెల 28వ తేదీ తెల్లవారుజామున, భిలాయిలోని హడ్కో కాలనీ ఇంట్లో నిద్రిస్తుండగా ఆయనను కాల్చి చంపారు. వయసు 48 ఏళ్లు. మరుసటి ఏడాది జూలై 1న భిలాయి పవర్‌హౌస్ రైల్వేస్టేషన్ వద్ద పోలీసు కాల్పుల్లో మరికొందరు కార్మికులు మరణించారు.

హత్య కేసులో 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా పలువురికి శిక్ష విధించగా, హైకోర్టు మరుసటి ఏడాది అందరినీ విడుదల చేసింది. 2005లో సుప్రీంకోర్టు కాల్పులు జరిపిన వ్యక్తికి మాత్రమే యావజ్జీవ శిక్ష ఖరారు చేసింది.

షహీద్ హాస్పిటల్ పడకలు ఆ తరువాత వంద దాటాయి. యంత్రాలు వచ్చి గనుల్లో కూలీల సంఖ్య తగ్గింది. నేడు అక్కడికి చుట్టుపక్కల పల్లెల రైతులు, ఆదివాసీలు కూడా వైద్యం కోసం వస్తున్నారు.