ఎలుకల జాబితా రాసిన దొర

చరిత్ర చదివే మిత్రులకు సర్ వాల్టర్ ఎలియట్ పేరు చెబితే వెంటనే అమరావతి శిల్పాలంటారు. 1845లో దీపాలదిన్నె తవ్వించి, ఆ సున్నపురాతి పలకల్ని మద్రాసు చేర్చినవాడు ఆయనే. 1859లో వాటిని లండన్‌కు పంపారు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఎలియట్ మార్బుల్స్ అని చాలాకాలం వాటికి ఆయన పేరే ఉండేది. మన సొత్తు అక్కడెందుకుందన్న తగవు చరిత్రవాళ్ళకే వదిలేస్తున్నాను. జంతుశాస్త్రం చదివే రైతుబిడ్డగా నాకు కావలసిన ఎలియట్ వేరే ఉన్నాడు. ఆయన పొలంగట్ల మీద నిలబడి ఎలుక బొరియల సంగతి ఆరా తీసినవాడు.

1803 జనవరి 16న స్కాట్లాండులో పుట్టాడు. హెయిలీబరీలో కంపెనీవారి కాలేజీలో చదివి, ఇరవై ఏళ్ళు నిండకుండానే, అంటే దాదాపు మన ఈడులో, మద్రాసులో దిగాడు. ధార్వాడ ప్రాంతానికి వేశారు. 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ కంపెనీ మీద తిరగబడినప్పుడు కలెక్టరు థాకరే చనిపోయాడు. ఎలియట్ ఖైదీగా పట్టుబడి, కొన్ని వారాల తరువాత విడుదలయ్యాడు. ఇంకొకడైతే ఓడ ఎక్కి ఇంటికి పోయేవాడేమో! ఈయన అదే సీమలో 1833 దాకా ఉన్నాడు.

ఆ పదేళ్ళ తిరుగుడు ఫలితమే దక్షిణ మహారాష్ట్ర దేశంలోని క్షీరదాల జాబితా. 1839లో మద్రాసు సాహిత్య శాస్త్ర పత్రికలో అచ్చయింది. ఇప్పుడా ప్రాంతం కర్ణాటకలో ఉంది. అప్పట్లో లండన్ చేరిన జంతు చర్మాల్లో చాలావాటి మీద ఇండియా అన్న ఒక్క మాటే ఉండేది. ఏ ఊరిది, ఏ నేలది అంటే చెప్పే దిక్కు లేదు. ఎలియట్ అలా వదలలేదు. ఏ జంతువు అడవిలో ఉంటుంది, ఏది సాగునేలలో ఉంటుంది, ఏది ఎర్రనేల వదిలి రాదు అని రాశాడు. పులులూ చిరుతలూ దొరలందరూ రాసుకున్నవే. ఎలుకల దగ్గర ఆగి రాసిన దొరలు బహుతక్కువ.

ఆ జాబితాలో నన్ను కదిలించినది 1826 సంగతి. ఆ యేడు తొలకరి వానలు సరిగా పడలేదు. మెత్తటి బొచ్చుండే ఒక పొలం ఎలుక విపరీతంగా పెరిగిపోయింది. చల్లిన విత్తనం చల్లినట్టే తినేసింది. మిగిలి ఎదిగిన జొన్న కంకి పట్టగానే దంటెక్కి కంకులు కొరికి పడేసింది. రైతులు శిస్తు కట్టలేనంతగా పొలాలు పోయాయి. వడ్డెరలను పిలిపించి, ఇన్ని డజన్లకింత ధాన్యమని కొలిచి ఇచ్చారు. వేలకువేలు చంపినా ఎలుకలు తగ్గిన జాడే లేదట. ఇది చదివినప్పుడు నాకు మా ఊరే కళ్ళ ముందు మెదిలింది. మా నాన్న యానాదుల్ని పిలిపించి పొగకుండలు పెట్టిస్తాడు, తోకకింత అని లెక్క కడతాడు. కొలిచే ధాన్యం బదులు రూపాయలొచ్చాయి, అంతే తేడా. ఒక్క మాట. శిస్తు వసూలు చేసే కంపెనీ ఉద్యోగి కాబట్టే ఆయనకు ఆ పంట నష్టం అంత బాగా కనబడిందని కూడా మరిచిపోకూడదు.

ఆ ఎలుకను వడ్డెరలు మెట్టడె అనేవారు. వాళ్ళ ఇంటిభాష తెలుగు యాసే. మన మెట్ట పొలం అందులో వినబడుతోందని నా ఊహ. ఎలియట్ పంపిన నమూనాలను చూసి 1837లో లండన్లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దానికి శాస్త్రీయ నామం పెట్టేసరికి ఒక ట కాస్తా ల అయింది. ఈనాటికీ అది మిల్లార్డియా మెల్టాడా. కన్నడవారి గులాండి గోలుండా ఎల్లియోటి అయింది. అది పొదల్లో ఎండుగడ్డి పోచలతో గుండ్రంగా గూడు అల్లుకునే ఎలుక. పొలం చిట్టెలుక పేరు మస్ బూడుగా. బుడుగు గుర్తుకు రావట్లేదూ! మన పందికొక్కు ఇంగ్లీషులో బాండికూట్ అయిన కథ మీకు తెలిసే ఉంటుంది. ఇన్ని పేర్లు లాటిన్లోకి ఎక్కాయి గాని, బొరియలు తవ్వి పట్టిచ్చినవాళ్ళలో ఒక్కడి పేరూ ఎక్కలేదు.

ఎర్ర గరపనేలలో ఉండే ఇంకో చిట్టెలుక గురించి రాసినది మరీ ముచ్చటైనది. అది లోపల ఉన్నప్పుడు బొరియ నోటికి గులకరాళ్ళు అడ్డం పెట్టుకుంటుంది. లోపలి గదిలో కూడా ఏరినట్టుండే చిన్న గులకరాళ్ళ పరుపే. బొరియ ముందు రాళ్ళ కుప్పను బట్టి దాన్ని పట్టేయవచ్చు.

మన సీమకు చెందిన జంతువు ఒకటుంది. కడప, నెల్లూరు మధ్య కొండల్లో ఎలియట్‌కు దొరికిన ట్రీ ష్రూ. చూడటానికి ఉడుతే, కాని ఉడుత కాదు, చుంచూ కాదు. వాటర్‌హౌస్ దానికి ఎలియట్ పేరే పెట్టాడు. ఇప్పటి పేరు అనతానా ఎల్లియోటి. దాని చుట్టాలన్నీ ఈశాన్యంలో, నికోబార్లో, ఆగ్నేయాసియాలో ఉంటే, గంగకు దక్షిణాన ద్వీపకల్పంలో ఇదొక్కటే ఉంది. తన ప్రజాతిలో కూడా ఇదొక్కటే జాతి.

1845లో గుంటూరు జమీల దుస్థితి విచారించడానికి వచ్చి, ఉత్తర సర్కారుల కమీషనరై 1854 దాకా మన మధ్యనే ఉన్నాడు. తెలుగు జిల్లాల మొక్కల పేర్లన్నీ ఏరి 1859లో ఫ్లోరా ఆంధ్రికా వేశాడు. డార్విన్ అడిగితే పావురాల చర్మాలూ కోళ్ళ చర్మాలూ పంపాడు. 1867లో జెర్డన్ రాసిన భారతదేశపు క్షీరదాల గ్రంథంలో ఎలుకల పుటలు తిరగేస్తే అడుగడుగునా ఎలియటే.

1860లో ఉద్యోగం విరమించి స్వదేశం వెళ్ళాడు. చివరి ఏళ్ళలో చూపు దాదాపు పోయింది. అయినా దక్షిణ భారత నాణేల పుస్తకం పూర్తి చేశాడు. 1887 మార్చి 1 ఉదయం తమిళ పండితుడు పోప్‌కు ఒక ఉత్తరం చెప్పి రాయించి, తన చేత్తోనే సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే పోయాడు.