పదవ పయస్ (పోప్)

పదవ పయస్ (జూన్ 2, 1835 - ఆగస్టు 20, 1914) 1903 నుండి 1914 వరకు కథోలిక క్రైస్తవ సంఘానికి పోప్‌గా ఉన్న మతాధిపతి. ఈయన అసలు పేరు జుసెప్పె మెల్కియోరె సార్తో. ఏడేళ్ళ వయసు పిల్లలకు కూడా దివ్యసత్ప్రసాదం అందే ఏర్పాటు చేసినవాడు ఈయనే. విచారణ గురువులు ప్రతి ఆదివారం పిల్లలకు సత్యోపదేశం చెప్పాలన్న నియమాన్ని కట్టుదిట్టం చేసినవాడు కూడా ఈయనే. కథోలిక సంఘం ఈయనను 1954లో పునీతునిగా ప్రకటించింది.

బాల్యము, విద్య

పదవ పయస్ ఉత్తర ఇటలీలోని రియేసె గ్రామంలో జన్మించాడు. ఆ ప్రాంతం అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి జొవన్ని బత్తిస్తా గ్రామంలో ఉత్తరాలు చేరవేసే చిన్న ఉద్యోగి, తల్లి మార్గరీత కుట్టుపని చేసేది. పదిమంది సంతానంలో ఈయన రెండవవాడు. చదువు కోసం కొన్ని మైళ్ళ దూరంలోని కాస్తెల్‌ఫ్రాంకో పట్టణానికి నడిచి వెళ్ళేవాడు. 1850లో విద్యార్థి వేతనం లభించడంతో పాదువా గురువిద్యాలయంలో చేరాడు. 1852లో తండ్రి మరణించినా తల్లి ఈయన చదువు మాన్పించలేదు. 1858 సెప్టెంబరు 18న గురుపట్టాభిషేకం పొందాడు.

విచారణ గురువుగా

మొదట తొంబోలో అనే పల్లెలో సహాయ గురువుగా నియమితుడయ్యాడు. అక్కడి విచారణ గురువు అనారోగ్యంతో ఉండడం వల్ల పనిలో అధికభాగం ఈయనే చూసుకునేవాడు. చదువురాని రైతుల కోసం రాత్రి బడి నడిపాడు. 1867లో సల్జానో విచారణకు గురువుగా వెళ్ళాడు. 1873లో అక్కడ కలరా వ్యాపించినపుడు రోగుల ఇళ్ళకు వెళ్ళి సేవచేశాడు. మొత్తం పదిహేడేళ్ళు గ్రామ విచారణలలో గడిపిన తరువాత 1875లో త్రెవీసోకు బదిలీ అయ్యాడు. 1884లో మాంతువా మేత్రాణిగా, 1893లో కార్డినల్‌గా, వెనిస్ నగర పేట్రియార్క్‌గా నియమితుడయ్యాడు.

పోప్‌గా ఎన్నిక

1903లో పదమూడవ లియో మరణించాక జరిగిన ఎన్నికలో కార్డినల్ రంపొల్లాకు అవకాశం ఉన్నట్లు కనిపించింది. అయితే ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ తరపున క్రాకో మేత్రాణి పుజినా ఆయనపై అభ్యంతరం తెలిపాడు. చివరకు ఆగస్టు 4న సార్తో ఎన్నికై పదవ పయస్ అనే పేరు స్వీకరించాడు. మరుసటి సంవత్సరమే పోప్ ఎన్నికలో రాజులు ఇలా జోక్యం చేసుకునే పద్ధతిని రద్దుచేశాడు.

దివ్యసత్ప్రసాదము

దివ్యపూజలో గురువు ప్రతిష్ఠించిన అప్పము, ద్రాక్షరసము క్రీస్తు శరీరరక్తాలుగా మారుతాయని కథోలికుల విశ్వాసం. ఈ సత్ప్రసాదానికి యోగ్యత విషయంలో అప్పటి విశ్వాసులలో ఎంతో భయం ఉండేది. పదిహేడవ శతాబ్దపు జాన్సెనిజం అనే కఠిన ధోరణి ప్రభావం వల్ల చాలామంది ఏడాదికి ఏ కొద్దిసార్లో మాత్రమే స్వీకరించేవారు. పిల్లలైతే చాలాచోట్ల పది, పన్నెండు, ఒక్కొక్కచోట పద్నాలుగు ఏళ్ళ వరకు వేచి ఉండవలసి వచ్చేది.

1905 డిసెంబరులో వెలువడిన శాసనం ఈ స్థితిని మార్చింది. చావైన పాపం లేకుండా, సదుద్దేశంతో వచ్చేవారు ప్రతిదినం కూడా సత్ప్రసాదం తీసుకోవచ్చునని అది స్పష్టం చేసింది. సత్ప్రసాదం పుణ్యాత్ములకు ఇచ్చే బహుమానం కాదు, బలహీనులకు ఔషధం అన్నది దీని సారాంశం. 1910 ఆగస్టు 8న మరొక శాసనం ద్వారా పాపసంకీర్తనానికి, ప్రథమ సత్ప్రసాద స్వీకారానికి సుమారు ఏడేళ్ళ వయసును నిర్ణయించారు. 1215లో నాలుగవ లాతరన్ మహాసభ చెప్పిన వివేకపు వయసే దీనికి ఆధారం. మామూలు రొట్టెకు, సత్ప్రసాదానికి తేడా తెలిసి, తన శక్తికొద్దీ భక్తి చూపగలిగితే చాలు, బిడ్డకు సంపూర్ణ జ్ఞానం అవసరం లేదు.

సత్యోపదేశము

పిల్లలను చిన్నవయసులోనే అనుమతించాలంటే వారికి బోధించేవారు ఉండాలి. 1905 ఏప్రిల్‌లో వెలువరించిన విశ్వలేఖలో ఈయన మతవిషయాలలో అజ్ఞానమే విశ్వాసం సన్నగిల్లడానికి ముఖ్యకారణమని వివరించాడు. ఆదివారాలు, పండుగ దినాలలో ప్రతి విచారణ గురువు ఒక గంటసేపు పిల్లలకు బోధించాలని, పెద్దలకు వేరుగా ఉపదేశం చెప్పాలని ఆదేశించాడు. ఈ పనిలో గృహస్థులు తోడ్పడేందుకు ప్రతి విచారణలో ఒక సమాజం ఉండాలన్నాడు. 1912లో ప్రశ్నోత్తరాల రూపంలో ఒక సత్యోపదేశ గ్రంథాన్ని వెలువరించాడు.

ఆరాధన సంగీతము

ఆనాటి ఇటలీ దేవాలయాలలో నాటకశాలల బాణీలో పాటలు వినిపించేవి. 1903 నవంబరు 22న సంగీతకారుల పాలక పునీతురాలు సిసిలియా పండుగనాడు ఈయన జారీచేసిన ఆదేశం గ్రెగోరియన్ గానానికి ప్రథమ స్థానం ఇచ్చింది. పియానోను, డోలు వంటి వాద్యాలను నిషేధించింది. స్త్రీలను గాయకబృందంలో చేర్చుకోరాదని కూడా అందులో ఉంది, ఈ నియమం తరువాతి కాలంలో తొలగిపోయింది. విశ్వాసులు ఆరాధనలో చురుకుగా పాల్గొనాలన్న భావన ఆ ఆదేశంలోనే కనిపిస్తుంది. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధనపై ఆమోదించిన పత్రంలో ఈ భావనకు ముఖ్యస్థానం లభించింది. అయితే పదవ పయస్ లాటిన్ భాషను మార్చలేదు. తెలుగు విచారణలలో దివ్యపూజ తెలుగులో జరగడం, హార్మోనియం, తబలా వినిపించడం రెండవ వాటికన్ మహాసభ తరువాతి పరిణామాలు.

విమర్శలు

చరిత్ర పరిశోధన పద్ధతులను బైబిలుకు, సిద్ధాంతాలకు అన్వయించిన పండితుల ధోరణిని ఈయన 1907లో ఆధునికవాదం పేరుతో ఖండించాడు. ఫ్రెంచి పండితుడు ఆల్ఫ్రెడ్ లుయాజీ 1908లో వెలివేయబడ్డాడు. 1910 నుండి గురువులందరూ ఆధునికవాద వ్యతిరేక ప్రమాణం చేయవలసి వచ్చింది. ఈ ప్రమాణం 1967 వరకు అమలులో ఉంది. ఉంబెర్తో బెనిఞ్ఞి నడిపిన రహస్య సమాచార సంస్థ వల్ల అనేకమంది నిర్దోషులైన అధ్యాపకులు కూడా అనుమానానికి గురయ్యారు. పల్లె పిల్లల విషయంలో అంత ఉదారంగా ఉన్న పోప్ పండితుల విషయంలో అంత కఠినంగా ఉండడాన్ని చరిత్రకారులు తరచు ప్రస్తావిస్తారు.

మరణము, పునీత పదవి

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొద్ది వారాలకే, 1914 ఆగస్టు 20న పదవ పయస్ రోమ్‌లో మరణించాడు. పేదవాడిగా పుట్టి పేదవాడిగానే మరణించాలన్న కోరికను వీలునామాలో తెలిపాడు. పన్నెండవ పయస్ ఈయనను 1951లో ధన్యునిగా, 1954 మే 29న పునీతునిగా ప్రకటించాడు. భౌతికకాయం రోమ్‌లోని పునీత పేతురు దేవాలయంలో ఉంది. ఈయన పండుగను ఆగస్టు 21న జరుపుకుంటారు. నేటికీ కథోలిక విచారణలలో పిల్లలు చిన్నవయసులోనే ప్రథమ సత్ప్రసాదం స్వీకరించడానికి 1910 నాటి శాసనమే మూలం.