తపాలా దగ్గర మొదలైన తగాదా: హికీ గెజెట్ కథ

1782 మార్చి 30న కలకత్తాలోని ఒక చిన్న ముద్రణాలయంలో అచ్చు అక్షరాలను సుప్రీంకోర్టు జప్తు చేయించింది. భారతదేశపు తొలి ముద్రిత వార్తాపత్రిక ఆ రోజుతో ఆగిపోయింది. వేలానికి వచ్చిన ఆ అక్షరాలను కొన్నది దాని ప్రత్యర్థి పత్రికే. గవర్నర్ జనరల్‌ను ఎదిరించినందుకు మూతపడిన పత్రికగా బెంగాల్ గెజెట్‌ను చరిత్ర గుర్తుంచుకుంది. అది నిజమే. అయితే ఆ ఎదిరింపు మొదలైంది మాత్రం వ్యాపారంలో తగిలిన దెబ్బతో.

పత్రిక యజమాని జేమ్స్ అగస్టస్ హికీ ఐర్లాండ్‌వాడు. 1772లో ఓడలో సర్జన్‌కు సహాయకుడిగా కలకత్తా చేరాడు. కొన్నాళ్లు వైద్యం, కొన్నాళ్లు సముద్ర వ్యాపారం చేశాడు. ఓడ సరుకు పాడైపోవడంతో అప్పుల్లో కూరుకుపోయి 1776లో జైలుపాలయ్యాడు. చేతిలో మిగిలిన కొద్ది సొమ్ముతో అక్కడే ముద్రణ పని మొదలుపెట్టాడు. బయటికి వచ్చాక కంపెనీ సైన్యం కోసం నిబంధనల పుస్తకం అచ్చువేసే పని దొరికింది కానీ డబ్బు మాత్రం ఏళ్ల తరబడి చేతికి రాలేదు. ప్రభుత్వ పని నమ్ముకుంటే పూట గడవదని అతనికి అనుభవంతో తెలిసింది.

1780 జనవరి 29న వారపత్రికగా బెంగాల్ గెజెట్ వెలువడింది. ప్రకటనలు, ఓడల రాకపోకలు, పాఠకుల లేఖలు, ఊరి కబుర్లు దాని సరుకు. ఎవరి పక్షమూ వహించబోమని, అందరికీ చోటిస్తామని హికీ ప్రకటించుకున్నాడు. వ్యాపారిగా అది తెలివైన నిర్ణయం. కలకత్తాలో ఇంగ్లిష్ చదివేవాళ్లే తక్కువ. వారిలో వారెన్ హేస్టింగ్స్ మనుషులూ ఉన్నారు, మండలిలో ఆయన బద్ధశత్రువైన ఫిలిప్ ఫ్రాన్సిస్ మనుషులూ ఉన్నారు. ఎవరిని దూరం చేసుకున్నా చందాలు పోతాయి.

ఆ ఏడాది నవంబరులో పరిస్థితి తిరగబడింది. పీటర్ రీడ్, బెర్నార్డ్ మెస్సింక్ అనే ఇద్దరు ఇండియా గెజెట్ ప్రారంభించారు. హేస్టింగ్స్ ఆశీస్సులతో పాటు ఉచిత తపాలా సౌకర్యమూ వారికి దక్కింది. చర్చి పాదిరి యోహాన్ కియర్నాండర్ వారికి అచ్చు అక్షరాలు సమకూర్చాడు. కంపెనీ అధికారి సిమియన్ డ్రోజ్‌కు, హేస్టింగ్స్ భార్య మరియన్‌కు లంచం ఇవ్వనందుకే తనకు పోటీని తెచ్చి పెట్టారని హికీ తన పత్రికలో రాశాడు. వెంటనే, నవంబరు 14న, బెంగాల్ గెజెట్‌ను పోస్టాఫీసు ద్వారా పంపకూడదని మండలి ఉత్తర్వు ఇచ్చింది. కలకత్తా బయట ఉన్న చందాదారులు ఒక్క కాగితంతో దూరమయ్యారు. హికీ సొంతంగా హర్కారాలను పెట్టుకుని పత్రిక పంచాల్సి వచ్చింది.

తటస్థంగా ఉంటే వచ్చే లాభం పోయాక తటస్థతా పోయింది. హేస్టింగ్స్ నిరంకుశుడని, ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపీ పదవులకు అమ్ముడుపోయాడని, కియర్నాండర్ అనాథల నిధిని మింగాడని వారం వారం ఆరోపణలు వచ్చాయి. ప్రజాప్రయోజనం ఉన్న ప్రశ్నల పక్కనే పడకగది ఎగతాళి కూడా అచ్చయింది. ఇంపీకి కంపెనీ అదాలత్‌లో అదనపు పదవి, జీతం ముట్టిన మాట వాస్తవం. అయితే ఫ్రాన్సిస్ జోలికి మాత్రం హికీ పోలేదని తర్వాతి చరిత్రకారులు గమనించారు. పగ ఎంత, పక్షపాతం ఎంత, సత్యం ఎంత అన్నది ఆ పుటల్లో విడదీయడం కష్టం.

1781 జూన్‌లో హేస్టింగ్స్, కియర్నాండర్ పరువునష్టం కేసులు వేశారు. విచారించిన ధర్మాసనానికి అధ్యక్షుడు ఇంపీయే. శిక్షపడి జైలుకెళ్లిన హికీ అక్కడి నుంచే దాదాపు తొమ్మిది నెలలు పత్రిక నడిపాడు. కొత్త కేసులు, జరిమానాలు మీదపడ్డాయి. చివరకు అచ్చు అక్షరాలే పోయాయి.

1784 చివర్లో, ఇంగ్లండ్ తిరిగి వెళ్లబోతూ హేస్టింగ్స్ జరిమానా మాఫీ చేయడంతో హికీ విడుదలయ్యాడు. ఆ తర్వాత హేస్టింగ్స్ మీద బ్రిటిష్ పార్లమెంటులో అభిశంసన విచారణ 1788 నుంచి 1795 దాకా సాగి, నిర్దోషిగా తేలడంతో ముగిసింది. హికీ మళ్లీ పత్రిక పెట్టలేకపోయాడు. 1802లో చైనా వెళ్తున్న ఓడలో పేదరికంలోనే కన్నుమూశాడు.

ఇండియా గెజెట్ మాత్రం నిలదొక్కుకుంది. 1784లో వచ్చిన కలకత్తా గెజెట్‌కూ సర్కారు అండ దొరికింది. ఏం రాయాలో ఆ పత్రికలకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం లేకపోయింది. తపాలా రాయితీ ఎవరి చేతిలో ఉందో, అది పోతే ఏమవుతుందో హికీ ఉదంతం అందరికీ చూపించింది. ఒక పత్రిక ఏ పార్టీ వైపు ఉందని ఈనాటి పాఠకులు ముందుగా అడుగుతారు. దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న ప్రశ్న కూడా పక్కనే ఉండాలని 1780 నాటి కలకత్తా చెబుతోంది. ఆ ఊళ్లో రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే భవనంలో ఉండేది.