విరమణ ఎరుగని విద్యార్థి: ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఫైళ్ళ నంబర్లు కూడా మనకు నోటికి వచ్చేవి. ఇప్పుడు కళ్ళజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కుంటున్నాం. పదిమంది పెన్షనర్లు కలిసినచోట ఈ మాట నవ్వుతూనే వస్తుంది గాని, దాని వెనుక భయం లేకపోలేదు. ఆ భయంతో ఉన్న మనకు ధైర్యం చెప్పగల జీవితం ఒకటి మన పొరుగునే గడిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇరవైనాలుగేళ్ళు పనిచేసి, తార్నాకలో నివసించిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారిది ఆ జీవితం.

వారు 1928 జూన్ 19న ఒంగోలులో జన్మించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్సు చదివి, అక్కడే అధ్యాపకులయ్యారు. తరువాత అమెరికా వెళ్ళి 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. తెలుగు ధాతువులపై వారి గ్రంథాన్ని 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురించింది. 1962లో ఉస్మానియాకు వచ్చి భాషాశాస్త్ర శాఖను నెలకొల్పి, 1986 వరకు అక్కడే ఆచార్యులుగా ఉన్నారు.

వారి చదువు పుస్తకాలతో ఆగలేదు. నాగలి, కాడి, మేడి మొదలైన పనిముట్లనూ వాటి భాగాలనూ ఏ ప్రాంతపు రైతు ఏ పేరుతో పిలుస్తాడో సేకరించి, మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటాన్ని 1962లో వెలువరించారు. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. నడుమ 1969లో అరకు ప్రాంతపు గిరిజనుల కొండ భాషకు వ్యాకరణం రాశారు. ఒక పని పూర్తికాగానే మరో కొత్త విషయం నేర్చుకోవడానికి పూనుకోవడం వారి తీరు.

1986 నుంచి 1993 వరకు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేశారు. పదవి ముగిసేనాటికి వారి వయస్సు అరవై అయిదు. ఇక చాలుననుకున్నా తప్పుపట్టేవారు లేరు. కాని వారి ప్రధాన గ్రంథం అప్పటికింకా రాలేదు. ద్రావిడ భాషలన్నిటినీ పోల్చి చూపే అయిదు వందల పైచిలుకు పుటల ఆ గ్రంథాన్ని 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. ఆ ఏడే వారికి డెబ్బై అయిదేళ్ళు నిండాయి. మరుసటి ఏడు సాహిత్య అకాడమీ ఫెలోషిప్ లభించింది. 2012 ఆగస్టు 11న, ఎనభై నాలుగేళ్ళ వయస్సులో, హైదరాబాదులో కన్నుమూశారు.

ఒక్కరి జీవితాన్ని బట్టి శాస్త్రం తేల్చలేము. అయితే వారు పోయిన మరుసటి ఏడే, 2013లో, మన నగరంలోని నిమ్స్ ఆసుపత్రి పరిశోధన ఒకటి వెలువడింది. డాక్టర్ సువర్ణ అల్లాడిగారి బృందం మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని పరిశీలించింది. ఒకే భాష తెలిసినవారికంటే రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. చదవడం, రాయడం రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. ఆ బృందంలో ఉస్మానియా భాషాశాస్త్ర శాఖకు చెందిన దుగ్గిరాల వసంతగారు కూడా ఉన్నారు. కృష్ణమూర్తిగారు నాటిన చెట్టు ఇలా కూడా ఫలించింది.

దీన్నిబట్టి డిగ్రీలు లేనివారు నిరాశపడనక్కరలేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే మన నగరవాసులు తెలియకుండానే బుద్ధికి పని చెబుతున్నారు. అయితే చదువూ భాషలూ జబ్బు రాదని హామీ ఇవ్వవు. ఎంతో చదివినవారికీ అది వస్తుంది. అది వారి బద్ధకం వల్ల వచ్చింది కాదు కనుక ఇంటివారు విసుక్కోరాదు. అడిగిందే మళ్ళీమళ్ళీ అడుగుతున్నా, తెలిసిన వీధిలో దారి తప్పుతున్నా, వయస్సు మీదపడిందని వదిలేయక డాక్టరుకు చూపించాలి.

ఆరోగ్యంగా ఉన్న మనం మాత్రం చేయదగిన పని ఒకటుంది. మన ఊరి పొలంలో, మగ్గం దగ్గర, వంటింట్లో పెద్దలు వాడిన మాటలు మనలో ప్రతి ఒక్కరికీ కొన్ని తెలుసు. వాటిని గుర్తు చేసుకుని ఒక నోటుపుస్తకంలో రాసి మనుమలకు చెబుదాం. వారి దగ్గర మనకు తెలియనిది ఒకటి నేర్చుకుందాం. పెన్షను వచ్చేది ఉద్యోగం విరమించినందుకే గాని, నేర్చుకోవడం విరమించినందుకు కాదు గదా!