హనోయిలో హోచిమిన్ కొయ్య ఇల్లు

వియత్నాం రాజధాని హనోయిలోని బాదిన్ మైదానంలో 1945 సెప్టెంబరు 2న స్వాతంత్ర్య ప్రకటన చేసిన హోచిమిన్, యౌవనంలో ఓడలో వంటసహాయకుడు. 1954లో ఫ్రెంచి పాలన ముగిశాక గవర్నర్ జనరల్ భవనంలో నివసించేందుకు ఆయన అంగీకరించలేదు. 1958 నుండి ఆ ఆవరణలోనే, కొలను ఒడ్డున స్తంభాలపై నిలిపిన కొయ్య ఇంట ఉన్నారు. పైన రెండే చిన్న గదులు. ఒకటి పడకకు, ఒకటి చదువుకు.

తన దేహాన్ని దహనం చేసి, చితాభస్మాన్ని దేశపు మూడు ప్రాంతాలకూ పంచాలని వీలునామాలో కోరారు. 1969లో ఆయన మరణించగా సహచరులు ఆ కోరికను మరుగుపరచి, దేహాన్ని భద్రపరిచారు. 1975లో అదే మైదానంలో గ్రానైట్ సమాధి మందిరం వెలసింది. ప్రజలకు అసలు కోరిక తెలిసింది 1989లో! నిరాడంబరునికి ఇంతటి రాతికట్టడమా అనిపించక మానదు. గాజుపేటిక వద్ద యాత్రికులను నిలువనివ్వరు. వరుస కదులుతూనే ఉండాలి. అక్కడి నుండి ఉద్యానం దాటితే కొయ్య ఇల్లు.