బ్రిస్టలు అనాథల తండ్రి జార్జి ముల్లరు

విశ్వాసజీవితమనగానే మన పెద్దలు జార్జి ముల్లరుగారిని తలచుకొందురు. అయితే ఆయన పొందిన జవాబులను చెప్పుకొన్నంతగా ఆయన లెక్కల పుస్తకమును గూర్చి మనము చెప్పుకొనుట లేదు.

ముల్లరుగారు 1805లో ప్రష్యా దేశమున జన్మించిరి. చిన్ననాట భక్తి లేదు. సుంకపు ఉద్యోగియైన తండ్రి దగ్గరనున్న సర్కారు సొమ్మునే దొంగిలించిరి. పదహారవ యేట సత్రములలో బసచేసి, డబ్బు చెల్లింపలేక చెరసాలకు పోయిరి. 1825లో హాలె పట్టణమున విద్యార్థిగా నుండగా, ఒక గృహములో జరిగిన ప్రార్థన కూటము ఆయనను మార్చివేసెను. (ఈ హాలె మనకు పరాయిది కాదు. షుల్జుగారి తెలుగు పుస్తకములు అంతకు ముందటి శతాబ్దములో అచ్చయినది అక్కడనే.)

ఇంగ్లండులో టిన్‌మత్ సంఘకాపరిగా నుండగా 1830లో మేరీ గ్రోవ్సు అమ్మగారిని వివాహమాడిరి. ఆమె సోదరుడు ఆంథొనీ గ్రోవ్సుగారితో 1836లో ఓడనెక్కిన బౌడన్, బీర్ దంపతులే నరసాపురము ప్రాంతమున సువార్త ప్రకటించిరి. ఆ దినములలో ఆలయపు బల్లలకు అద్దె వసూలుచేసి, దానినుండి కాపరికి జీతమిచ్చెడివారు. బీదవాడు వెనుక కూర్చుండవలసి వచ్చుచున్నదని ముల్లరుగారు ఆ జీతమునే వదలుకొనిరి.

1836లో బ్రిస్టలులో అద్దె యింట అనాథ శరణాలయము తెరచిరి. సొమ్ము కొరకు, సామాను కొరకు, పనివారి కొరకు ప్రార్థించిరి గాని, పిల్లల కొరకు ప్రార్థించుట మరచిరి! దరఖాస్తులకు పెట్టిన దినమున ఒక్కరును రాలేదు. ఆ రాత్రి ప్రార్థించిన పిమ్మట పిల్లలు రాసాగిరి. 1870 నాటికి ఆష్లీ డౌను కొండమీద ఐదు పెద్ద భవనములు, 2,000 మందికి పైగా పిల్లలకు చోటు ఏర్పడెను.

1857 నవంబరు చివర మొదటి భవనమును వెచ్చజేయు బాయిలరు కారసాగెను. చుట్టును ఇటుకల కట్టడము. చిల్లు ఎక్కడనో తెలియదు. నిప్పు ఆర్పనిదే మరమ్మతు లేదు. లోపల మూడువందలమంది పిల్లలు, బయట చలిగొట్టు ఉత్తరపు గాలి. ముల్లరుగారు పనివారిని పిలిపించి దినము నిర్ణయించిరి. ఆ పిమ్మట రెండు సంగతులు అడిగిరి: గాలి దక్షిణమునకు తిరుగవలెను, పనివారికి పనిమీద మనస్సు కలుగవలెను. ఆ దినమున దక్షిణపు గాలి వీచెను. చలిమంట అవసరము లేకపోయెను. సాయంకాలము వారి యజమాని వచ్చినప్పుడు, పనివారు తామే రాత్రంతయు పనిచేయుదుమనిరి.

ప్రార్థించినవాడు పనివారిని పిలువక మానలేదు; మనకు ముఖ్యమైనది ఇదియే. తన కొరతను మనుష్యులకు చెప్పి చందా అడుగలేదు. అయితే వచ్చిన ప్రతి పెన్నీ వ్రాయించి, యేటేట నివేదిక అచ్చువేయించిరి. చేతిలో డబ్బు లేనిదే సరుకు కొనరు, అప్పు చేయరు. మన సంఘములలో విశ్వాసమను పేరుతో అప్పుచేసి పునాది వేసి, గోడలు నడుమన ఆగిపోయిన కట్టడములు మనమెరుగుదుము. అది ముల్లరుగారి విశ్వాసము కాదు.

డెబ్బదియవ యేట సువార్త ప్రయాణములు మొదలుపెట్టి మన భారతదేశమునకు కూడ వచ్చిరి. 1898 మార్చి 9 సాయంకాలము ప్రార్థన కూటము నడిపి, మరునాటి ఉదయము ప్రభువునందు నిద్రించిరి. ఆయన చేతులమీదుగా సుమారు 15 లక్షల పౌన్లు వ్యయమాయెను. స్వంత ఆస్తిని లెక్కించగా, ఇంటి సామానుతో కలిపి సుమారు 160 పౌన్లు తేలెను.