అంధుల కోసం చెయ్యి చాచిన అంధురాలు – హెలెన్ కెల్లర్

చందా ఇవ్వడం కష్టం అంటారు గానీ, చందా అడగడం అంతకంటే కష్టం. రసీదు పుస్తకం చేత పట్టుకుని నాలుగు గడపలు తిరిగినవారికే ఆ సంగతి తెలుస్తుంది. ఒకరు రేపు రమ్మంటారు, ఒకరు ఇంట్లో ఉండి కూడా లేనట్టే ఊరుకుంటారు. తన కోసం కాదు గదా అని మనసుకు ఎంత సర్దిచెప్పుకున్నా, అడిగేటప్పుడు తల కాస్త వంగుతుంది. అటువంటి పనిని కళ్ళు కనబడని, చెవులు వినబడని ఒక మహిళ పదేళ్ళ వయసులో మొదలుపెట్టి ముసలితనం దాకా చేసింది. ఆమే హెలెన్ కెల్లర్. ఆమె చదువు గురించి పాఠ్యపుస్తకాలలో అందరమూ చదువుకున్నాం. చందాల గురించి మాత్రం తక్కువమందికి తెలుసు.

హెలెన్ 1880 జూన్ 27న అమెరికాలో అలబామా రాష్ట్రంలోని టస్కంబియా అనే చిన్న ఊళ్ళో పుట్టింది. 19 నెలల వయసులో తీవ్రమైన జబ్బు చేసి చూపూ, వినికిడీ రెండూ పోయాయి. చెవులు వినబడకపోవడంతో మాట కూడా రాలేదు. ఆ పిల్లకు కోపం వస్తే ఇంట్లో ఎవరూ పట్టలేకపోయేవారు. తల్లిదండ్రులు అనేకచోట్ల విచారించి, చివరకు టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ గారి దగ్గరకు వెళ్ళారు. ఆయన సలహా మీద బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకు ఉత్తరం రాస్తే, అక్కడినుంచి 1887 మార్చి 3న ఆనీ సల్లివన్ అనే 20 ఏళ్ళ టీచరు వచ్చింది.

ఈ ఆనీ సల్లివన్ ఎవరనుకున్నారు? దిక్కులేని పేదపిల్ల. తల్లి చనిపోయి, తండ్రి వదిలేస్తే, తమ్ముడితోపాటు టూక్స్‌బరీ అనే ఊళ్ళోని అనాథ శరణాలయంలో చేరింది. తమ్ముడు అక్కడే చనిపోయాడు. ఆమెకూ చూపు సరిగా ఉండేది కాదు. 14 ఏళ్ళ వయసులో పెర్కిన్స్ పాఠశాలలో చేరి అక్షరాలు నేర్చుకుంది. ఆపరేషన్ల తర్వాత చూపు కొంత బాగుపడింది. ఆ పాఠశాలకు దాతలు ఆసరాగా ఉన్నారు. ముక్కూ మొహమూ తెలియనివారు ఎప్పుడో ఇచ్చిన డబ్బు ఒక పేదపిల్లను టీచరును చేస్తే, ఆ టీచరు హెలెన్‌ను మనిషిని చేసింది. ఇచ్చినవారికి తమ పైసా ఎక్కడిదాకా పోయిందో తెలిసి ఉండదు.

ఆనీ హెలెన్ అరచేతిలో వేళ్ళతో అక్షరాలు రాస్తూ పోయింది. నెల రోజులకు, 1887 ఏప్రిల్‌లో, బోరింగు పంపు దగ్గర ఒక చేతి మీద నీళ్ళు పడుతుండగా రెండో చేతిలో నీరు అనే మాట రాసినప్పుడు, ప్రతి వస్తువుకూ ఒక పేరు ఉంటుందని ఆ పిల్లకు అర్థమైంది. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే.

ఆ తర్వాత నాలుగేళ్ళకు జరిగింది చూడండి. పెన్సిల్వేనియాలో టామీ స్ట్రింగర్ అనే పసివాడు ఉండేవాడు. వాడికీ చూపు లేదు, వినికిడి లేదు. తల్లి చనిపోయింది. తండ్రి పోషించలేని పేదవాడు. వాడిని ఆసుపత్రిలో ఉంచారు గానీ, అక్కడ ఎల్లకాలం ఉంచుకోరు గదా! ఇక శరణాలయానికి పంపడం తప్ప దారి లేదనుకున్నారు. శరణాలయం అంటే ఏమిటో ఆనీకి అనుభవం. ఈ సంగతి హెలెన్ చెవిన, కాదు, చేతిన పడింది. వాడిని బోస్టన్‌కు తెచ్చి చదివించాలని పట్టుబట్టింది. వాడి కోసం ప్రత్యేకంగా ఒక టీచరును పెట్టాలంటే డబ్బు కావాలన్నారు. అయితే తామే పోగుచేద్దామంది. తన చిల్లర డబ్బులు దాచడం, తెలిసినవారికల్లా ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది.

అంతకుముందు చలికాలంలో హెలెన్ ప్రాణంగా చూసుకునే పెంపుడు కుక్కను ఎవరో చంపారు. ఆ వార్త తెలిసి ఇంకో కుక్కను కొనివ్వడానికి అమెరికానుంచీ ఇంగ్లండునుంచీ జనం డబ్బు పంపసాగారు. పదేళ్ళ పిల్ల, కుక్క కోసం ఎంత ఏడ్చి ఉంటుందో! అయినా తనకు కుక్క వద్దనీ, ఆ డబ్బంతా టామీ చదువుకు వాడమనీ కోరింది. ఆ మాట తెలిసేసరికి చందాలు ఇంకా పెరిగాయి. 1891 ఏప్రిల్ 6న టామీ బోస్టన్‌లోని అంధుల కిండర్‌గార్టెన్‌లో చేరాడు. మొత్తం 1,600 డాలర్లకు పైగా పోగైంది. హెలెన్ ఏం చేసిందంటే, ఇచ్చినవారందరి జాబితా జతచేసి పత్రికకు ఉత్తరం పంపింది. లెక్క చెప్పడం ఆమెకు ఆ వయసులోనే అలవాటైంది. మరుసటి సంవత్సరం అదే కిండర్‌గార్టెన్ కోసం ఒక తేనీటి విందు ఏర్పాటు చేసి 2,000 డాలర్లకు పైగా సమకూర్చింది. టామీ చదువు నేర్చాడు, వడ్రంగం పనిలో మంచి చెయ్యి అనిపించుకున్నాడు.

పెద్దయ్యాక హెలెన్ 1904లో రాడ్‌క్లిఫ్ కాలేజీనుంచి బి.ఏ. పట్టా తీసుకున్నారు. 1903లోనే ఆమె ఆత్మకథ పుస్తకంగా వచ్చింది. పేరు లోకమంతా పాకింది గానీ, ఇల్లు గడవడం కష్టంగానే ఉండేది. కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ ఏటా పెన్షన్ ఇస్తానంటే, తన కష్టంతోనే బతుకుతానని ఆమె మొదట వద్దన్నారు. 1913లో ఉపన్యాసాల కోసం ప్రయాణం చేస్తుండగా హోటల్లో ఆనీకి జబ్బు చేసింది. పక్కన మూడో మనిషి లేరు. ఫోను చేసి ఎవరినీ పిలవలేని నిస్సహాయత. ఆ దెబ్బతో కార్నెగీకి ఉత్తరం రాసి ఆ పెన్షన్ ఒప్పుకున్నారు. ఆత్మాభిమానం గల మనిషికి అది ఎంత బరువైన ఉత్తరమో ఊహించండి! ఇతరుల కోసం ఎన్నోసార్లు అడిగిన చెయ్యి, తన కోసం అడగడానికి అంతగా వెనుకాడింది. అయినా 1920నుంచి కొన్నేళ్ళు ఆనీతో కలిసి నాటకశాలల్లో రోజుకు రెండుసార్లు ప్రదర్శన ఇచ్చి సంపాదించారు. కొందరు ఇది చిన్నతనం అన్నారు. కష్టపడి తినడంలో చిన్నతనం ఏముంది?

1924లో ఆమె అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ అనే సంస్థ పనిలో చేరారు. 20 లక్షల డాలర్ల మూలనిధి పోగుచేయాలని లక్ష్యం. మూడేళ్ళలో 123 నగరాల్లో 249 సభలు జరిగాయి. వాటికి రెండున్నర లక్షలకు పైగా జనం వచ్చారు. 1925 జూన్ 30న లయన్స్ క్లబ్బుల మహాసభలో మాట్లాడి, అంధుల పక్షాన నిలబడమని వారిని కోరారు. అప్పటినుంచి కంటి సేవ ఆ క్లబ్బుల ముఖ్యమైన పని అయింది. మన జిల్లాల్లో లయన్స్ వారు పెట్టే కంటి శిబిరాలలో శుక్లాల ఆపరేషన్ చేయించుకుని చూపు తెచ్చుకున్న ముసలివారు ఎంతమందో! వారిలో చాలామందికి హెలెన్ కెల్లర్ పేరే తెలియదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆమె జాలి చూపి పైసలు వేయమని అడగలేదు. అంధులకు చదువు, బ్రెయిలీ పుస్తకాలు, చేతినిండా పని కావాలని అడిగారు. గుడ్డితనానికి పేదరికం, ఫ్యాక్టరీ ప్రమాదాలు, పురిటి సమయంలో అశ్రద్ధ కూడా కారణాలని ధైర్యంగా చెప్పారు. చందాతోనే సరిపెట్టకుండా, అంధులకు ప్రభుత్వం చట్టప్రకారం సహాయం చేయాలనీ పోరాడారు.

1936లో ఆనీ సల్లివన్ కన్నుమూశారు. 49 ఏళ్ళు తోడుగా ఉన్న చెయ్యి అది. ఇక హెలెన్ ఇల్లు కదలరని చాలామంది అనుకుని ఉంటారు. ఆమె మాత్రం పాలీ థామ్సన్ అనే సహచరి సాయంతో దేశాలు తిరిగారు. 1955లో, 75వ ఏట, ఆసియా ఖండంలో దాదాపు 40,000 మైళ్ళ ప్రయాణం చేశారు. ఆ యాత్రలోనే మన దేశానికీ వచ్చి ప్రధాని నెహ్రూగారిని కలుసుకున్నారు. 1968 జూన్ 1న, మరో 26 రోజులకు 88 ఏళ్ళు నిండుతాయనగా, మరణించారు.

మన పిల్లలకు హెలెన్ కెల్లర్ పట్టుదల గురించి చెబుతుంటాం, మంచిదే. దానితోపాటు టామీ సంగతి కూడా చెప్పాలి. తాను గట్టెక్కిన పిల్ల వెంటనే వెనక్కి తిరిగి, ఇంకా నీళ్ళలోనే ఉన్నవాడికి చెయ్యి అందించింది. బోస్టన్ పాఠశాలకు ఎవరో ఇచ్చిన డబ్బుతో ఆనీ బాగుపడింది, ఆనీ వల్ల హెలెన్, హెలెన్ వల్ల టామీ. చదువుకు ఇచ్చిన చందా ఒక మనిషితో ఆగదు. అడగడానికి మొహమాటపడేవారూ, ఇవ్వడానికి వెనుకాడేవారూ ఇద్దరూ ఈ మాట గుర్తుంచుకుంటే చాలు.